విద్యార్థియు ద్వారపాలకుడును

ఆషాఢమాసము వచ్చునప్పటికి తెలుగునాట పెక్కు కుటుంబములలో పంటనుగూర్చిన మాటకంటెను పెండ్లినిగూర్చిన మాటకంటెను ముందుగా వినవచ్చు మాట యొకటి కలదు. “పిల్లవానికి వీసా వచ్చినదా?” అని. వచ్చిన యింట మిఠాయి పంచిపెట్టుదురు. రాని యింట నాలుగు దినములు తలుపు దగ్గరగా వేసికొందురు. హైదరాబాదు చెంతనున్న చిలుకూరు బాలాజీకి “వీసా బాలాజీ” యను పేరే స్థిరపడినది. కోరికతో పదునొకండు ప్రదక్షిణములు చేసి, అది యీడేఱిన పిమ్మట నూటయెనిమిది చేయుట అక్కడి యాచారము. భక్తిని మేము నిందింపబోము. కాని మ్రొక్కునకును పత్రమునకును నడుమ నొక చరిత్ర కలదు. అది తెలియమిచేతనే మన యువకులు వీసాను లాటరీ యనియు, అధికారి చిత్తచాంచల్యమనియు, ముఖము చూచి యిచ్చెడి దానమనియు భావించుచున్నారు. అధికారి యడుగు ప్రశ్నలు ఆతని నోట నాడు పుట్టినవి కావు. వానికి నూఱేండ్లు మించిన వంశవృక్షము కలదు. దానిని చూపుటయే మా యుద్దేశము. ప్రయాణమునకు సిద్ధపడువారికి దానివలన కొంత మేలు కలుగునని మా నమ్మకము.

విద్యకొఱకు పరదేశము పోవుట మానవజాతికి క్రొత్త కాదు. చీనా భిక్షువు హ్యూన్‌త్సాంగు 629 ప్రాంతమున తన దేశమునుండి బయలుదేఱునప్పుడు, రాజాజ్ఞ లేక పొలిమేర దాటరాదని తాంగ్ చక్రవర్తి శాసనము. భిక్షువు విన్నపము చేసికొనెను, అనుమతి రాలేదు. అంతట నాతడు పగలు దాగి, రాత్రులు నడచి, కావలి బురుజులను తప్పించుకొని యెడారిలో ప్రవేశించెను. నేటి మాటలో చెప్పినచో, నాతడు పాసుపోర్టు లేని విద్యార్థి. త్రోవలో గావోచాంగ్ రాజు ఆతని పాండిత్యమునకు మెచ్చి, ముందున్న యిరువదినాలుగు రాజ్యముల ప్రభువులకు పరిచయ లేఖలు వ్రాసి, లేఖ లేఖకును పట్టుబట్టను జతచేసి యిచ్చెనని యాతని జీవితచరిత్రమున నున్నది.

నాలందా వాకిట వేఱొక పరీక్ష. అక్కడ ద్వారముకడ కూర్చున్నవారు పండితులు. లోనికి రాగోరువారిని శాస్త్రవిషయములందు ప్రశ్నించి, పదుగురిలో ఏడెనమండ్రను వెనుకకు మరల్చుచుండిరని హ్యూన్‌త్సాంగే వ్రాసియున్నాడు. ఆతడు తరువాత మన యాంధ్రదేశమునకును వచ్చి, ధాన్యకటకమున కొన్ని నెలలు నిలిచి, ఇద్దఱు భిక్షువులయొద్ద అభిధర్మ గ్రంథములు పఠించెను. తిరుగు ప్రయాణమున ఖోటానునుండి తన చక్రవర్తికి, అనుమతి లేక వెడలితినని యొప్పుకొనుచు జాబు పంపి, మన్నన పొంది, 645లో రాజధాని చేరెను. ఆనాటి ద్వారపాలకుడు విద్యార్థిని అడిగినది “నీకేమి తెలియును?” అని. ఈ ప్రశ్నను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను.

ఐరోపాలో విద్యార్థికి వేఱొక చిక్కు. ఇటలీలోని బొలోన్యా నగరమున ధర్మశాస్త్రము చదువవచ్చిన పరదేశీయులను, వారి యూరివాడెవడో చేసిన బాకీకై పట్టుకొని వసూలు చేయు దురాచార ముండెను. 1155 ప్రాంతమున చక్రవర్తి మొదటి ఫ్రెడరిక్కు “హబీటా” యను శాసనము నొసగి, విద్యకై తిరుగువారు నిరాటంకముగ సంచరింపవచ్చుననియు, ఒరుల బాకీకి వారిని బాధింపరాదనియు, వారిపై వ్యాజ్యము వచ్చినచో తమ గురువు నెదుటనో బిషప్పు నెదుటనో విచారణ కోరుకొనవచ్చుననియు నిర్ణయించెను. విద్యార్థి యనువాడు వర్తకునికంటెను కూలివానికంటెను వేఱైనవాడని రాజ్యము చట్టమున నొప్పుకొనుట కిది తొలి యుదాహరణములలో నొకటి. ఈ భేదమే తరువాతి కాలమున విద్యార్థి వీసాకు పునాది యైనది.

మన దేశమునం దన్ననో, పందొమ్మిదవ శతాబ్దమున విద్యార్థి నాపినది పరప్రభుత్వము కాదు, స్వకులము. గాంధి లండనుకు పోదలచినపుడు బొంబాయిలోని మోఢ్ వణిక్కుల పెద్దలు సభచేసి యాతనిని వెలివేసి, సాయపడినవానికిని రేవునకు సాగనంప బోయినవానికిని రూపాయి నాలుగణాల జుల్మానా విధించిరి. 1888 సెప్టెంబరు 4వ తేదీని ఆతడు ఓడ యెక్కెను. లండను రేవున నాతని నెవ్వరును వీసా యడుగలేదు. అప్పటి కట్టిది లేదు. తెలుగునాటను, సముద్రము దాటి వచ్చినవాడు ప్రాయశ్చిత్తము చేసికొననిదే పంక్తిలో కూర్చుండనీయని కుటుంబము లుండెను. ఆ కుటుంబములలోనివారే నేడు కాన్సలు కార్యాలయము ముందు తెల్లవాఱకమునుపే వరుసలో నిలుచుచున్నారు, కాలమహిమ! నిజాము ప్రభుత్వ వేతనముతో 1895లో సరోజినీ చట్టోపాధ్యాయ ఇంగ్లండు చేరినపుడును, ప్రభుత్వ విద్యార్థివేతనముతో 1902లో కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జి చేరినపుడును, వలసినవి మూడే: ఓడ టిక్కెట్టు, నెలనెల వచ్చెడి ధనము, కళాశాలలో చోటు.

ఈ స్వేచ్ఛ చిరకాలము నిలువలేదు. 1905లో శ్యామ్‌జీ కృష్ణవర్మ లండనున ఇండియా హౌసు స్థాపించిన పిమ్మట భారతీయ విద్యార్థులలో రాజద్రోహము పెరుగుచున్నదని ప్రభుత్వమునకు భీతి కలిగెను. 1907లో లీ-వార్నరు సంఘమువారు విచారణ జరిపిరి. 1909లో కర్జన్ వైలీ హత్య జరిగినది. ఆ యేటనే టి. డబ్ల్యు. ఆర్నాల్డు విద్యార్థుల సలహాదారుగా నియమింపబడెను; క్రామ్‌వెల్ రోడ్డులో 21వ నంబరు భవనము వారి కేంద్ర మయ్యెను. పేరు సలహా, విద్యార్థుల కది నిఘాగా తోచెను. మొదటి ప్రపంచయుద్ధముతో పాసుపోర్టు తప్పనిసరి యయ్యెను. 1920లో భారతదేశ ప్రవేశమునకు పాసుపోర్టు చట్టము పుట్టెను. ఇంతవఱకు బ్రిటిషు సామ్రాజ్యపు కథ. దీనిని మేము త్వరగా దాటిపోవుచున్నాము; ఏలయన నేటి మన యువకులు అడుగు ప్రశ్నలకు సమాధాన మిందు లేదు, అట్లాంటిక్కు కావల నున్నది.

అమెరికాలో విద్యార్థి వీసా అతిథిమర్యాదగా పుట్టలేదు. మూసిన తలుపులో విడిచిన సందుగా పుట్టినది. 1882లో ఆ దేశ శాసనసభ చీనా కూలీల ప్రవేశమును నిషేధించెను. ఉపాధ్యాయులకును, విద్యార్థులకును, వర్తకులకును, యాత్రికులకును మినహాయింపు కలదు. కాని వచ్చినవాడు కూలీ కాదని యెట్లు తెలియును? చీనా ప్రభుత్వము ఆంగ్లమున నొక ధ్రువపత్ర మీయవలెనని చట్టము. రెండేండ్లకు, 1884లో, ఆ పత్రముపై ఓడ యెక్కకమునుపే అమెరికా కాన్సలు అధికారి వీసా వేయవలెననియు, వేయుటకు పూర్వము అందలి మాటలు నిజమగునా యని విచారింపవలెననియు, అబద్ధమైనచో నిరాకరింపవలెననియు నియమము చేర్చిరి. అట్లు వీసా పొందినను, రేవునందలి అధికారి దానిని త్రోసిపుచ్చవచ్చును. నేటికిని వీసా చేతనున్నవాడు విమానాశ్రయమున మరల ప్రశ్నలకు లోనగుట మన యువకులకు వింతగా నుండును. ఆ వింతకు వయస్సు నూటనలువదియేండ్లు.

“విద్యార్థి” యనగా నెవడు? 1900లో అమెరికా ఖజానా శాఖ న్యాయాధికారి దీనికి నిర్వచనము చెప్పెను. తన దేశమున లభింపని ఉన్నతవిద్యనో వృత్తివిద్యనో యభ్యసింప వచ్చినవాడు. తన పోషణకు వలసిన యేర్పాటు ముందే కలవాడు. చదువు ముగిసిన పిమ్మట స్వదేశమునకు మరలిపోవువాడు. ఈ మూడంగములలో నేది లోపించినను వాడు విద్యార్థి కాడు; కూలీ. నేడు హైదరాబాదులో అద్దపు కిటికీకి ఆవల కూర్చున్న అధికారి యడుగు ప్రశ్నలను చదువరులు తలచుకొందురుగాక. ఈ చదువే యేల, ఆ విశ్వవిద్యాలయమే యేల? ఖర్చు నెవరు భరింతురు? తరువాత నేమి చేయుదువు? ఇవి యా మూడంగములే. ఒక్కటియు క్రొత్తది కాదు. నాలందా పండితుని ప్రశ్న మాత్ర మిందు మిక్కిలి సన్నగిలినది. నీకేమి తెలియునో విశ్వవిద్యాలయము చూచుకొనును. నీవు మరలిపోదువా యనునదే ద్వారపాలకుని చింత.

ఈ విధానము మనుష్యుల నెట్లు బాధించెనో యొక్క కథ చాలును. షాంఘై నగరవాసి చార్లీ సూంగ్ తన పెద్దకూతురు ఐలింగును 1904లో జార్జియా రాష్ట్రమున మేకన్ పట్టణమందలి వెస్లియన్ కళాశాలకు పంపెను. చీనావారికి రేవున నెదురగు చిక్కులెఱిగి, ఆమెకు పోర్చుగీసు పాసుపోర్టు సంపాదించి యిచ్చెను. తండ్రి యుద్దేశము మంచిదే. కాని శాన్‌ఫ్రాన్సిస్కో అధికారు లా పత్రమును నమ్మలేదు. పదునైదేండ్ల ప్రాయపు బాలిక ఇంచుమించు మూడువారములు ఓడలపైననే నిర్బంధమున నుండెను. మార్గము సుగమము చేయునని తెచ్చిన కాగితమే యామెకు సంకెల యైనది. 1906లో అధ్యక్షుడు రూజ్వెల్టును చూచు నవకాశము వచ్చినపుడు ఆమె యీ సంగతి మొగముననే చెప్పెను. అప్పటికే, 1905లో, ఇట్టి యవమానములకు కినిసి చీనా పట్టణములలో అమెరికా సరకులను బహిష్కరించి యుండిరి. మినహాయింపు గలవారిని మర్యాదతో చూడవలెనని అధ్యక్షు డధికారులకు తాఖీదు పంపి యుండెను.

1917లో నిషేధము భారతదేశమునకును వ్యాపించెను. అప్పుడును విద్యార్థికి సందు విడిచిరి. ఆ సందున బోయినవారిలో మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగా రొకరు. కాకినాడయందలి మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయమును మామగారి సాయమును కలిసి ఆయనను 1922 అక్టోబరున బోస్టను చేర్చినవి. పగలు హార్వర్డున ఉష్ణదేశ వైద్యము చదివి, ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడిగి పొట్టపోసికొనిరి. 1923లో అక్కడి సర్వోన్నత న్యాయస్థానము భారతీయులు పౌరసత్వమునకు అనర్హులని తీర్పు చెప్పెను. ఆయన నిలిచి, 1925లో ఫిస్కుతో కూడి రక్తమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించి, 1930లో డాక్టరేటు పొందిరి. 1946లో భారతీయులకు పౌరసత్వార్హతయు, ఏటేట నూఱుమందికి వలసవాటాయు కలిగినను, ఆయన పౌరసత్వము పుచ్చుకొనకయే 1948లో మరణించిరి. ఆయన కనుగొన్నవానిని ఆ దేశము స్వీకరించినది. ఆయన మాత్రము కడదాక పరదేశిగానే యుండిరి.

1924 చట్టమున నొక క్రొత్త నియమము చేరినది. దీనిని మనవారు చాలినంతగా గమనింపలేదని మా యభిప్రాయము. విద్యార్థి పదునైదేండ్లు నిండినవాడై, ముందే పేర్కొన్న యొక విద్యాలయమున చేరవలెను. ఆ విద్యాలయము కార్మికశాఖ కార్యదర్శి యామోదము పొందినదై యుండవలెను. విద్యార్థి చదువు మానిన యెడల ఆ సంగతి ప్రభుత్వమునకు తెలుపుదుమని విద్యాలయమువా రొప్పుకొనవలెను. అనగా నానాటినుండి గురువు రెండవ ద్వారపాలకు డయ్యెను. 1952 చట్టమున విద్యార్థి వీసా “ఎఫ్” అను అక్షరమును ధరించెను. స్వదేశమున విడువదలపని నివాస ముండవలెనని అందున్నది. వీసా కోరువాడు తానట్లు కాదని ఋజువుచేయువఱకు స్థిరనివాసమునకై వచ్చువాడే యని తలంపవలెనని యా చట్టముననే వేఱొక విధి. దీని యర్థము మన యువకులు గ్రహింపవలెను. న్యాయస్థానమున ముద్దాయి నిర్దోషి యని యారంభింతురు. ఇక్కడ ఋజుభారము వీసా కోరువానిదే. నిరాకరించిన యధికారి తనను దొంగ యన్నాడని పలువురు కుమిలిపోవుచున్నారు. ఆతడట్లు నిందింపలేదు. ఋజువు చాలలేదన్నాడు, చాలిన ఋజువుతో మరల నడుగుటకు తలుపు తెఱచియే యున్నది.

గురువు పంపవలసిన ఆ సమాచారము చిరకాలము కాగితములలోనే మూలుగుచుండెను. 2001 సెప్టెంబరు 11వ తేదీని విమానములతో దాడిచేసి మరణించినవారిలో ఇద్దఱకు విద్యార్థిహోదా మంజూరైనదని తెలుపు కాగితములు, ఆఱునెలల పిదప, 2002 మార్చిలో, ఫ్లోరిడాలోని విమాన శిక్షణశాలకు చేరినవి. ఆ సిగ్గుతో 2003లో “సెవిస్” అను విద్యుద్యంత్ర నమోదు అమలునకు వచ్చెను. చిరునామా మాఱినను, పాఠములు తగ్గించుకొనినను, చదువు మానినను అది యా పుస్తకమున కెక్కును. దాని రుసుము 2004లో 100 డాలర్లు. 2019 నుండి 350. 2025 వసంతమున వేలకొలది విద్యార్థుల నమోదులు హఠాత్తుగా రద్దుచేయబడి, వ్యాజ్యములు పడిన పిమ్మట ఏప్రిల్ నెలాఖరున పునరుద్ధరింపబడినవి. మే నెలాఖరున క్రొత్త ఇంటర్వ్యూలకు తేదీలిచ్చుట నిలిపివేసి, జూనులో మరల ప్రారంభించునపుడు సామాజిక మాధ్యమముల ఖాతాలను బహిరంగముగ నుంచవలెనని విధించిరి.

2008లో హైదరాబాదున అమెరికా కాన్సలు కార్యాలయము వెలసినది. 2023-24 విద్యాసంవత్సరమున ఆ దేశమున 3,31,602 మంది భారతీయ విద్యార్థు లుండిరి. 2009 తరువాత చీనాను మించుట అదియే తొలిసారి. ఇంతమంది పోవుచోట దళారీలు పుట్టుట సహజము. వారు చేయు నపకారము వీసా రాకపోవుటకంటె వచ్చినపుడే యెక్కువ. విద్యార్థి పత్రమును తామే నింపుదురు. ఆతడు చదువని వాక్యములక్రింద ఆతని పేరు చేర్తురు. ఇంటర్వ్యూలో చెప్పుటకు పాఠము వల్లింపజేయుదురు. బ్యాంకు ఖాతాలో పది దినములకై యెరువు సొమ్ము చూపింతురు. ఇంగ్లండువారు ధనము ఇరువదియెనిమిది దినములు వరుసగా ఖాతాలో నుండవలెనని నియమించుట ఇట్టి యెరువు సొమ్మునకు విరుగుడే కదా! బ్యాంకు ఋణము తీసికొనుటలో సిగ్గేమియు లేదు. మంజూరు పత్రము ముందుంచి, తీర్చు విధము చెప్పగలిగినచో అది యెరువు సొమ్ముకంటె వేయిరెట్లు గట్టి సమాధానము. దీని కంతటికి వ్యవధి కావలెను. ఆగస్టున తరగతులు మొదలగునన్న, దానికి ముందటి యేడాది శ్రావణముననే పని ప్రారంభింపవలెను: విద్యాలయమును విచారించుటకు, దరఖాస్తులకు, ఋణమునకు, ప్రవేశపత్రము చేరుటకు, నిరాకరణ వచ్చినచో రెండవమాఱు ప్రయత్నించుటకు. మే నెలలో మేల్కొనినవాడు దళారీ చేతిలో పడక యేమి చేయును? 2025లో తేదీలు నిలిచిపోయినపుడు మిక్కిలి తల్లడిల్లినవారు ఇట్టివారే.

ఇక్కడ నొక యనుబంధము. వీసా వచ్చిన వరునికి కట్నము పెరుగుట మనలో మూయరాని రహస్యము. కూతురు పై చదువునకు పోయెదనన్న, అప్పు చేయ వెనుదీయు తండ్రియే అల్లుని వీసా చూచి పొలమమ్ముచున్నాడు. ఆ పొలపు వెల ఆ బాలిక ఋణమునకు పూచీగా చాలియుండెడిది.

దళారీల పనికి ఫలమేమో మన బిడ్డలే రెండుమాఱులు చవిచూచిరి. కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయమును 2011 జనవరిలో అధికారులు సోదాచేసి మూయించిరి. అందు పేరు నమోదైన పదునైదువందలకు పైబడినవారిలో అత్యధికులు భారతీయులు; వారిలో తెలుగువారు మిక్కుటము. కొందఱ కాళ్లకు రేడియో కడియములు తగిలించిరి. స్థాపకురాలికి 2014లో పదునాఱేండ్లకు మించిన కారాగారశిక్ష పడెను. ఇది మోసగాని కథ. రెండవది ప్రభుత్వము కథ. మిచిగన్ రాష్ట్రమున “ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయము”ను వలసశాఖవారే, వీసా మోసములను పట్టుటకై, 2015లో కల్పించిరి. తరగతి లేదు, ఉపాధ్యాయుడు లేడు. ప్రభుత్వపు ఆమోదిత విద్యాలయముల జాబితాలో పేరు మాత్ర ముండెను. 2019 జనవరి చివర వల లాగినపుడు మొదట పట్టుబడిన 130 మంది విద్యార్థులలో 129 మంది భారతీయులు. కమీషనునకు వారిని చేర్చిన ఎనమండ్ర దళారీలపై నేరారోపణ జరిగినది. పాఠము లేదని తెలిసియు పనికై చేరినవారు కొందఱుండవచ్చును. జాబితాలో పేరు చూచి, పాఠ మెప్పుడని యుత్తరములు వ్రాసి, రుసుము చెల్లించినవారును కొందఱు కలరు. అట్టివారి పక్షమున నొక విద్యార్థి, చదువు చెప్పెదమని సొమ్ము పుచ్చుకొని చెప్పలేదు గావున ఒడంబడిక భంగమైనదని, అమెరికా ప్రభుత్వముపైననే వ్యాజ్యము వేసెను. తమకు విచారణాధికారము లేదని క్రింది న్యాయస్థానమువారు కొట్టివేసిరి. 2024 జూనున అప్పీలు న్యాయస్థానమువా రా తీర్పును రద్దుచేసి, వ్యాజ్యము వినదగినదే యని మరల పంపిరి.